ఆర్డర్లకు విరామం ఇవ్వడంపై హోమ్ బేకర్లలో ఉన్న అపోహలు – వాస్తవాలు

ఇంటి వంటగదిలోనే కేకులు, బ్రెడ్లు, కుకీలు చేసి అమ్మే వారికి డిసెంబరు రెండో సగం ఊపిరి సలపని కాలం. క్రిస్మస్ ప్లమ్ కేకులతో మొదలైన రద్దీ 31వ తేదీ రాత్రి కొత్త సంవత్సరం కేకులతో పతాక స్థాయికి చేరుతుంది. ఆ వెంటనే ఫిబ్రవరి 14, ఆ తరువాత పెళ్లిళ్లు, మధ్యలో అన్నప్రాశనలు, మొదటి పుట్టినరోజులు వస్తూనే ఉంటాయి. ఆ పరుగు తరువాత బీటర్ చప్పుడు వింటేనే విసుగు పుట్టడం ఈ వృత్తిలో చాలామందికి తెలిసిన సంగతే. అయినా పని తగ్గించుకోవడం గురించి మాలో మేము చెప్పుకొనే మాటల్లో నిజం కంటే భయమే ఎక్కువ.

అపోహ: బేకింగే మనసుకు హాయినిస్తుంది కాబట్టి బేకర్‌కు ప్రత్యేకంగా విశ్రాంతి అక్కరలేదు.

వాస్తవం: తన ఇంటివారి కోసం, తనకు తోచిన రోజున, మాడినా నష్టం లేని కేకు చేసుకోవడం వేరు, సాయంత్రం 6 గంటలకల్లా ఫోటోలో ఉన్నట్టే రెండంతస్తుల ఫాండెంట్ (చక్కెర ముద్ద పొర కప్పిన) కేకు అప్పగించడం వేరు. పని ఒత్తిడి నుంచి కోలుకోవడంపై 2007లో సొనెంటాగ్, ఫ్రిట్జ్ అనే పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం అందుకు తోడ్పడే అనుభవాలను నాలుగుగా గుర్తించింది: పని ఆలోచనల నుంచి మనసు బయటపడడం, సేదతీరడం, కొత్తది నేర్చుకోవడం, ఖాళీ సమయాన్ని తన ఇష్టప్రకారం గడపగలగడం. వీటిలో మొదటిదే హోమ్ బేకర్‌కు అన్నిటికంటే కష్టం. పాలగిన్నె కోసం ఫ్రిజ్ తెరిచినా రేపటి కేకు కనిపిస్తుంది; పిల్లల స్కూలు సందేశం చూద్దామని ఫోన్ తీసినా వాట్సాప్‌లో "రేపటికి ఒక కిలో కుదురుతుందా అండీ?" అనే ప్రశ్న ఎదురవుతుంది. కాబట్టి ఓవెన్ ఆపినంత మాత్రాన అది సెలవు కాదని నా అభిప్రాయం. ఆర్డర్లకు వేరే నంబరు, సందేశాలకు జవాబిచ్చే వేళలు, వారంలో ఆర్డరు తీసుకోని రోజులు ముందే క్యాలెండర్‌లో రాసి ఉంచితేనే అది సెలవు అవుతుంది. మిగిలిపోయిన రోజున విశ్రాంతి తీసుకుందామనుకుంటే అటువంటి రోజు మిగలదు.

అపోహ: అలసట అంటే బద్ధకానికి మరో పేరు.

వాస్తవం: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 జనవరి నుంచి అమలులోకి తెచ్చిన ఐసీడీ-11 అనే వ్యాధుల వర్గీకరణలో బర్నౌట్‌ను, అంటే పని వల్ల పూర్తిగా అలసిపోయే స్థితిని, వ్యాధిగా కాక, సరిగా అదుపు చేయని దీర్ఘకాలిక పని ఒత్తిడి ఫలితంగా పేర్కొంది. శక్తి హరించుకుపోవడం, పని పట్ల విముఖత లేదా ప్రతికూల భావం, పనిలో సామర్థ్యం తగ్గినట్లు అనిపించడం దాని లక్షణాలు. అయితే ప్రతి నీరసాన్నీ ఒత్తిడి ఖాతాలో వేయడం కూడా పొరపాటే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 15–49 ఏళ్ల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. అందువల్ల నీరసం తగ్గకపోతే హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షల గురించి వైద్యుడిని అడగడం మంచిది. భోజనంతో పాటు టీ తాగితే ఆహారంలోని ఇనుము సరిగా ఒంటబట్టదు. కేకుకు క్రీమ్ పట్టిస్తూ అన్నం, టీ ఒకేసారి ముగించే అలవాటు మాలో చాలామందికి ఉంది.

అపోహ: తాజా కేకు అంటే ఆ రోజే చేసినది, అందుకే రాత్రి నిద్ర మానక తప్పదు.

వాస్తవం: మా నిద్రను ఎక్కువగా పాడుచేసింది ఈ నమ్మకమే. బటర్ స్పాంజ్‌ను (వెన్నతో చేసిన, ఇంకా క్రీమ్ పట్టించని కేకును) పూర్తిగా చల్లార్చి, గాలి తగలకుండా చుట్టి ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచితే పొరలు కోసేటప్పుడు పొడి రాలడం తగ్గుతుంది. క్రీమ్ పట్టించని స్పాంజ్‌ను డీప్ ఫ్రీజర్‌లో కొన్ని వారాలు నిల్వ చేయవచ్చు. చాక్లెట్, క్రీమ్ కలిపి చేసే గనాష్ ముందురోజే చేసుకోవచ్చు. ఈస్ట్ కలిపిన బ్రెడ్ పిండి ఫ్రిజ్‌లో రాత్రంతా నెమ్మదిగా పులిస్తే రుచి పెరుగుతుంది. ప్లమ్ కేకు సంగతి చెప్పనే అక్కరలేదు. పండ్లు వారాల ముందే నానాలి, కాల్చిన తరువాత కూడా కొన్నాళ్లు ఆగితేనే దానికి రుచి. కాబట్టి శనివారం ఇవ్వవలసిన కేకుకు గురువారం స్పాంజ్, శుక్రవారం పూరకం, తొలి పూత, శనివారం ఉదయం అలంకరణ అని పని పంచుకుంటే అర్ధరాత్రి దాకా మేలుకోవలసిన అవసరం ఉండదు. పెద్దలకు రోజుకు కనీసం 7 గంటల నిద్ర కావాలన్నది నిద్ర వైద్య నిపుణుల సిఫారసు. వారమంతా పోగొట్టుకున్న నిద్ర ఆదివారం ఒక్కరోజులో పూర్తిగా తీరదు. సాయంత్రం 5 గంటలకు తాగిన కాఫీలోని కెఫీన్‌లో సుమారు సగం రాత్రి 10 గంటలకు కూడా ఒంట్లోనే ఉంటుంది.

అపోహ: ఆర్డర్లు తగ్గిస్తే ఆదాయం పోతుంది.

వాస్తవం: ముందు లెక్క చూడాలి. ఉదాహరణకు కిలో కేకును 1,000 రూపాయలకు అమ్మి, సరుకులు, పెట్టె, కరెంటు ఖర్చు 550 అయిందనుకుందాం, మిగిలేది 450. సందేశాలు, బజారు పని, బేకింగ్, అలంకరణ, గిన్నెలు కడగడం అన్నీ కలిపి 6 గంటలు పడితే గంటకు వచ్చేది 75 రూపాయలే. మైదా, వెన్న, కోకో పౌడర్ ధరలు గ్రాముల్లో లెక్కించే మేము మా గంటలను మాత్రం లెక్కలో రాయము. ధరను 1,300 చేసి, వారానికి 10 కేకులకు బదులు 6 మాత్రమే తీసుకుంటే, ఖర్చు మారనంత వరకు, మిగులు 4,500 స్థిరంగా ఉంటుంది. పని గంటలు మాత్రం 60 నుంచి 36కు దిగుతాయి. కొందరు కొనుగోలుదారులు వెళ్లిపోతారు, నిజమే. పెళ్లిళ్లు లేని ఆషాఢంలోనో, మూఢంలోనో ఈ మార్పు మొదలుపెడితే ఆ నష్టం తక్కువగా తెలుస్తుంది. విరామం తేదీలను కనీసం మూడు వారాల ముందు చెప్పి, ఆ తేదీలకు అడ్వాన్స్ ఎవరి దగ్గరా తీసుకోకపోతే మాట కూడా పోదు.

అపోహ: చేతి నొప్పి, దగ్గు ఈ పనిలో మామూలే.

వాస్తవం: పైపింగ్ బ్యాగ్‌ను గంటల తరబడి పిండడం వల్ల బొటనవేలి మొదట్లోని కండరాల స్నాయువుల తొడుగు వాచి నొప్పి పెట్టవచ్చు. బామ్ రాసి పని కొనసాగిస్తే అది తగ్గకపోగా ముదిరే అవకాశం ఉంది. మైదా దుమ్ము వల్ల వచ్చే ఆస్తమాకు వైద్యులు బేకర్స్ ఆస్తమా అనే పేరు పెట్టారు. సెలవుల్లో తగ్గి, పని మొదలుపెట్టగానే తిరగబెట్టే తుమ్ములు, దగ్గు, ఆయాసం దాని ముఖ్య సూచన. మొదటి సెలవు వారంలోనే ఈ తేడాను గమనించి వైద్యుడికి చెప్పాలి.

అపోహ: పది రోజులు ఆగితే అన్నీ సర్దుకుంటాయి.

వాస్తవం: సాధారణ అలసట సర్దుకోవచ్చు. కానీ రెండు వారాలకు పైగా దిగులు, నిద్ర పట్టకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం కొనసాగుతుంటే మానసిక వైద్యుడిని సంప్రదించాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ అనే ఫోన్ ద్వారా అందే మానసిక ఆరోగ్య సేవ 14416 నంబరులో ఉచితంగా, తెలుగులో కూడా అందుతుంది.

అపోహ: విరామం తీసుకుంటే సోర్‌డో స్టార్టర్ (బ్రెడ్ పొంగడానికి పులియబెట్టి ఉంచే పిండి) చచ్చిపోతుంది.

వాస్తవం: ఫ్రిజ్‌లో ఉంచితే వారానికి ఒకసారి పిండి, నీళ్లు కలిపితే చాలు, ఇంకొంత ఆలస్యమైనా తరచుగా కోలుకుంటుంది. తిరిగి పని మొదలుపెట్టే ముందు రెండు మూడు రోజులు బయట పెట్టి పిండి కలుపుతూ, అది మళ్లీ బాగా పొంగుతున్నదని చూసుకున్నాకే మొదటి బ్రెడ్ ఆర్డరు తీసుకోవాలి.