బొంతలో కోడి

శ్రీకాకుళం,
ఆదివారం మధ్యాహ్నం

బుల్లెమ్మకీ, చిన్నోడికీ తాత ఆశీస్సులు.

మొన్న ఫోన్లో బుల్లెమ్మ అడిగింది గుర్తుందా? "తాతా, మన ఫొటో రెండు వేళ్లతో సాగదీస్తే గళ్లు గళ్లయిపోతాది. ఆ మ్యూజియం బొమ్మ ఎంత లాగినా అవ్వదేటి?" అని. కరెంటు పోయిందమ్మా అని ఫోన్ పెట్టేశాను. కరెంటు పోలేదు. సమాధానం తెలీలేదు, అంతే. నాలుగు రోజులు కూర్చుని తెలుసుకున్నాను, ఇప్పుడు రాస్తున్నాను.

మీరు చూసిన బొమ్మ 'నైట్ వాచ్'. రెంబ్రాంట్ అనే డచ్ చిత్రకారుడు 1642లో వేసింది, నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్‌లో రైక్స్‌మ్యూజియంలో ఉంది. పేరులో రాత్రి ఉందిగానీ అది పగటి బొమ్మే. పైన పూసిన వార్నిష్ ఏళ్ల తరబడి నల్లబడి, జనం రాత్రి అనుకున్నారు. ఆ బొమ్మకి మనలా ఒకే ఒక్క ఫొటో తియ్యలేదు వాళ్లు. కెమెరాని కొంచెం కొంచెం జరుపుతూ 8,439 ఫొటోలు తీశారు. ఒక్కోదాంట్లో పడిన చోటు 5.5 సెంటీమీటర్ల పొడుగు, 4.1 వెడల్పు. అంటే మన అగ్గిపెట్టె కన్నా ఓ పిసరు పెద్ద. వాటన్నిటినీ కంప్యూటర్‌తో ఒకటిగా కుట్టి 2022 జనవరిలో అందరికీ చూడ్డానికి పెట్టారు.

కుట్టడం అన్నాను కదా, మా అమ్మ బొంత కుట్టడం మీరు చూడలేదు. పాత చీరలు, నాన్న పంచెలు, నా చిరిగిన చొక్కాలు, అన్నీ ముక్కలు చేసి వీధరుగు మీద పరిచేది. ముక్క పక్కన ముక్క ఆనించి కుట్టేది కాదు. ఒకదాని అంచు మీదికి ఇంకోదాని అంచు వేలెడు ఎక్కించేది. లేకపోతే మొదటి ఉతుకుకే నోళ్లు తెరుచుకుంటాయనేది. ఫొటోలకీ అంతే. కావాలంటే లెక్క కట్టండి. 8,439 ముక్కల వైశాల్యం ఒక పక్క, బొమ్మ వైశాల్యం ఒక పక్క వేసుకోండి. బొమ్మ అడ్డం 453.5 సెంటీమీటర్లు, నిలువు 379.5. ముక్కలే ఎక్కువొస్తాయి. ఆ ఎక్కువంతా అంచుల మీద అంచులెక్కించినందుకు పోయింది. పక్కపక్క ఫొటోల్లో ఒకే బీటనీ ఒకే మరకనీ వెతికి, ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడేలా కంప్యూటర్ కూర్చుతుంది. అమ్మ కూడా చీర పువ్వులో సగం ఇటూ సగం అటూ పడితే విప్పి మళ్లీ కుట్టేది.

అలా తయారైన బొంతలో మొత్తం 71,700 కోట్ల చుక్కలు. అసలు బొమ్మలో ఒక్క మిల్లీమీటరు పొడుగుకి 200 చుక్కలు పడ్డాయన్నమాట. అంత బొంత మీ ఫోన్లో పట్టదు. అందుకని ఫోను మీరు చూస్తున్న మడత మాత్రమే విప్పించుకుంటుంది. మీరు లాగగానే ఓ క్షణం మసకగా ఉండి తర్వాత తేటపడుతుంది చూశారా, అప్పుడే మడత విప్పుకుంటోంది. బొంతకి అడుగున గోనె కూడా వేస్తారు. దానికీ ఏదో పోలిక దొరుకుతుందని రాత్రంతా ఆలోచించాను. దొరకలేదు, వదిలేయండి.

నాకూ మీ వయసులో ఇదే పిచ్చి ఉండేది. అప్పట్లో చందమామ అట్ట మీద వ.పా. గారి బొమ్మలొచ్చేవి. వడ్డాది పాపయ్య, 1921లో మన శ్రీకాకుళంలోనే పుట్టారు. ఆ సంగతి నాకు చాలా ఏళ్లకి గానీ తెలీలేదు. ఆ ముఖాలు, ఆ కళ్లు చూస్తుంటే కడుపు నిండిపోయేది. ఒకరోజు గడియారాలు బాగుచేసే మా మావయ్య దగ్గర భూతద్దం తెచ్చి, అట్ట మీద రాజకుమారి కన్ను మీద పెట్టాను. కన్ను లేదు! ఎర్ర చుక్కలు, పసుపు చుక్కలు, నీలం చుక్కలు, నల్ల చుక్కలు. అద్దం తీస్తే కన్ను, పెడితే చుక్కలు. భయమేసింది. అచ్చు బొమ్మ అంటే అంతే మరి, చుక్కల దగ్గర ఆగిపోతుంది. మన ఫొటో గళ్ల దగ్గర ఆగిపోయినట్టే. ఆ బొంత కూడా ఎక్కడో ఒకచోట ఆగుతుంది, కానీ అప్పటికి రంగు ఎండి పగిలిన బీటలు కూడా కనిపించేస్తాయి.

ఆ అట్టని బ్లేడుతో కోసి ఇంట్లో గోడకి అంటించాను. పుస్తకం లైబ్రరీది. వీపు పగిలింది. మూడేళ్లకి బొమ్మ చెదల పాలైంది. అందుకే నైట్ వాచ్ కథ చదివినప్పుడు నాకు వీపు చురుక్కుమంది. 1715లో దాన్ని టౌన్ హాలుకి మార్చారట. అక్కడి గోడకి పట్టలేదని నాలుగు పక్కలా కోసేశారు! బొమ్మ కోసం గోడ చూసుకోవాలి గానీ, గోడ కోసం బొమ్మని కోస్తారా? అన్నవాణ్ణి నేనే, బ్లేడు పట్టినవాణ్ణీ నేనే.

చిన్నోడు పంపిన లింకు కూడా తెరిచాను. గూగుల్ ఆర్ట్స్ అండ్ కల్చర్‌లో పజిల్ ఆట. నన్ను అందులో ఓడించావు, సరే. కానీ నువ్వు గమనించావో లేదో, చివరికి మిగిలేవి ఎప్పుడూ ఆకాశం ముక్కలో, చీకటి ముక్కలో. ముఖాలు చకచకా పెట్టేస్తాం. ఆకాశం దగ్గరకొచ్చాకే ఈ నీలం వేరు, ఆ నీలం వేరు అని కళ్లు చికిలించి చూస్తాం. అంతసేపు నేను జన్మలో ఆకాశం చూళ్లేదు. ఫోన్లోనే మ్యూజియంలోకి నడిచి వెళ్లే ఆట మాత్రం నాకు అచ్చిరాలేదు. బాణాలు నొక్కి నొక్కి ఒక మూల తలుపు ముందు ఇరుక్కుపోయి, పది నిమిషాలు మంటలార్పే సిలిండర్‌ని చూశాను. బొమ్మ వేసే వీడియోలు కూడా నాకు పట్టవు. వారం రోజుల పని రెండు నిమిషాల్లో గిర్రున తిప్పేస్తే చెయ్యి ఎక్కడ ఆగిందో, ఎక్కడ సందేహించిందో ఎలా తెలుస్తుంది?

ఇక బుల్లెమ్మ రెండో ప్రశ్న, ఆ పసుపు గౌను పిల్ల నడుముకి కోడి ఎందుకు వేలాడుతోందని. ఆ బొమ్మలో ఉన్నవాళ్లు ఊరికి కాపలా కాసే తుపాకీ దళం. కోడి గోళ్లు ఆ దళానికి గుర్తు. అందుకని రెంబ్రాంట్ గోళ్లు కనిపించేలా కట్టాడు. నాలుగుసార్లు చూసినా నాకు కనబడని కోడి నీకెలా కనిపించిందే?

ఫోన్లో తెలీనిది ఒకటుంది, దాని సైజు. రేపు పొద్దున్న అమ్మమ్మ దగ్గర ముగ్గుపిండి అడిగి, పెరట్లో 15 అడుగులు అడ్డం, పన్నెండున్నర అడుగులు నిలువు గీత గీయండి. టేపు నాన్న స్కూటర్ డిక్కీలో ఉంటుంది. మధ్యకి కొంచెం ఎడమ పక్కన ఆ పిల్ల చోటు. బుల్లెమ్మా, నువ్వు అక్కడ నిలబడు. చిన్నోడు మేడెక్కి చూస్తాడు. కోడి కావాలని మాత్రం అమ్మమ్మని అడక్కండి, పుంజుని పండక్కి పెంచుతోంది.

మీ తాత