పూల్‌కి డీజిల్ హీటర్: వైజాగ్‌లో వినిపించే అపోహలు, అసలు సంగతులు

వైజాగ్‌లో స్విమ్మింగ్ పూల్‌కి హీటరేంటని నవ్వేవాళ్లున్నారు. జనవరిలో తెల్లారి ఐదున్నరకి ఈతకొచ్చే పిల్లల్ని అడిగితే చెబుతారు. పోటీల పూల్‌లో నీళ్లు 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి. అప్పుడప్పుడే నేర్చుకుంటున్న పిల్లలకి అదీ చలే, 30 దాకా కావాలి. రుషికొండ, మధురవాడ వైపు పూల్ హీటర్లు చూసుకోవడం నా పని. అక్కడ నాకు తరచూ వినిపించే మాటలివి.

అపోహ: "సముద్రం పక్కనే ఉన్నాం, గాలంతా తేమే. ఇక నీళ్లేం ఆవిరవుతాయి గురూ?"

వాస్తవం: డీజిల్ బిల్లంతా ఇక్కడే ఉంది. చలికాలం రాత్రి గాలి 20 డిగ్రీలు, పూల్ నీళ్లు 29 అనుకోండి. ఆ చల్లగాలిలో ఎంత తేమ ఉన్నా, వెచ్చటి నీటిపై ఉండే ఆవిరి ఒత్తిడికి అది సాటి రాదు. అందుకే ఆవిరవుతూనే ఉంటాయి, గాలి వీస్తే ఇంకా జోరుగా. ఆరుబయట పూల్ పోగొట్టుకునే వేడిలో దాదాపు 70 శాతం ఇలా పోయేదే.

లెక్క వేద్దాం. లీటరు డీజిల్ కాలిస్తే, మంచి హీటర్ నీళ్లకి ఇచ్చేది సుమారు 8.5 యూనిట్ల వేడి (కరెంటు బిల్లులో ఉండే యూనిటే, అంటే ఒక కిలోవాట్ గంట). లీటరు నీళ్లు ఆవిరైతే పోయేది 0.67 యూనిట్లు. అంటే పన్నెండు, పదమూడు లీటర్లు ఆవిరైతే లీటరు డీజిల్ గాల్లో కలిసినట్టే. 25 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు పూల్‌లో మట్టం 4 మిల్లీమీటర్లు తగ్గితే వెయ్యి లీటర్లు పోయాయన్నమాట. అంటే దాదాపు 80 లీటర్ల డీజిల్ వేడి. పగలైతే ఎండ కొంత తిరిగిస్తుంది, రాత్రి ఎవరూ ఇవ్వరు. అందుకే హీటర్ కొటేషన్ అడిగిన ప్రతి ఒక్కరికీ ముందు పూల్ మీద పరిచే కవర్ కొనమంటాను. కవర్‌తో ఖర్చు సగానికి పైగా తగ్గొచ్చు. అయినా చాలామంది చుట్టడం, పరవడం ఎవరు చేస్తారని పక్కన పడేస్తారు.

అపోహ: థర్మోస్టాట్ 35కి పెడితే తొందరగా వేడెక్కుతుంది.

వాస్తవం: ఎక్కదు. బర్నర్ ఇచ్చే వేడి మారదు, ఆగాల్సిన చోట ఆగదంతే.

అపోహ: చిమ్నీలోంచి నల్ల పొగ వస్తే డీజిల్ కల్తీ.

వాస్తవం: బంకు వాడిని తిట్టే ముందు బర్నర్‌లో డీజిల్ చిమ్మే నాజిల్ చూడండి. అది అరిగినా, గాలి చాలకపోయినా డీజిల్ సరిగ్గా కాలక మసి పడుతుంది. మసి పట్టిన గొట్టాలు వేడిని నీళ్లకి చేరనివ్వవు, అది చిమ్నీ దారి పడుతుంది. పొగ వేడి 22 డిగ్రీలు పెరిగితే సుమారు ఒక శాతం ఇంధనం దండగ. మన ఉప్పుగాలికి బర్నర్ పెట్టె, చిమ్నీ తుప్పు పట్టడం మామూలే. ట్యాంకు అడుగున చేరే నీళ్లు కూడా అప్పుడప్పుడు వదిలెయ్యాలి.

చల్లటి నీళ్లు నేరుగా హీటర్‌లోకి పంపితే వేడి బాగా లాగుతుందని ఇంకో నమ్మకం. లోపలి లోహం మరీ చల్లగా ఉంటే పొగలోని ఆవిరి దానిమీద చెమ్మగా దిగుతుంది. ఆ చెమ్మలో ఆమ్లం ఉంటుంది, అదే హీటర్‌ని తినేస్తుంది. చల్లటి నీళ్లన్నీ నేరుగా హీటర్‌లోకి పోకుండా బైపాస్ వాల్వ్ పెట్టింది అందుకే, దాన్ని మూసెయ్యకండి.

అపోహ: నీళ్లు వెచ్చగా ఉంటే క్రిములు చస్తాయి, క్లోరిన్ తగ్గించొచ్చు.

వాస్తవం: పూర్తిగా ఉల్టా. 30 డిగ్రీలు క్రిములకీ నాచుకీ హాయి, క్లోరిన్ కూడా త్వరగా ఖర్చవుతుంది. ఇంకో మాట: క్లోరిన్ ఎప్పుడూ హీటర్ దాటాకే కలపాలి. ముందు కలిపితే లోపలి రాగి తినేసుకుపోతుంది.

ఇక కరెంటుతో నడుస్తూ గాల్లోని వేడిని లాగి నీళ్లకిచ్చే హీట్ పంప్ వచ్చాక డీజిల్ హీటర్ ఎందుకనే మాట. రోజూ నడిచే పూల్‌కైతే ఒప్పుకుంటాను. డీజిల్ లీటరు ₹97 అనుకుంటే యూనిట్ వేడికి ₹11 పైనే. కరెంటు యూనిట్ ₹10 అనుకున్నా, ఒక యూనిట్‌తో నాలుగు యూనిట్ల వేడి తెచ్చే హీట్ పంప్‌కి ₹2.50. మన వెచ్చటి గాలిలో అది బాగానే పనిచేస్తుంది. కానీ శనివారం పెళ్లివాళ్లు దిగుతున్నారు, శుక్రవారం పూల్ వేడెక్కాలి అంటే? లక్ష లీటర్లు ఒక డిగ్రీ పెరగడానికి 116 యూనిట్లు కావాలి. 100 కిలోవాట్ల బర్నర్ ఐదు డిగ్రీలు ఆరేడు గంటల్లో ఎక్కిస్తుంది. 25 కిలోవాట్ల హీట్ పంప్‌కి ఒక రోజు చాలదు.

పాత ఇంజిన్ ఆయిల్ కలిపి కాలిస్తే చవకంటారు. అది ప్రమాదకర వ్యర్థం, కాలిస్తే భారలోహాలు గాల్లోకొస్తాయి. నేనా పని చెయ్యను.

ఉప్పుగాలి రాకూడదనో, చప్పుడు వినపడకూడదనో పంప్ రూమ్ కిటికీలు మూసేసే వాచ్‌మన్‌లకి మాత్రం గట్టిగా చెప్పండి: బర్నర్‌కి గాలి అందకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది, దానికి వాసన ఉండదు. చలికి వెచ్చగా ఉందని ఆ గదిలో పడుకోనివ్వకండి.