పాస్‌పోర్టులో పేరు మార్పు: అపోహలు - వాస్తవాలు

సికింద్రాబాద్‌లో అడ్వకేట్‌గా నేను చూసే కాగితాల్లో పేరు మార్పులవే ఎక్కువ. వచ్చేవాళ్లు చాలావరకు ఎవరో చెప్పిన మాట నమ్మి అప్పటికే డబ్బో, సమయమో పోగొట్టుకుని వస్తారు. అది చూడలేకే ఇది రాస్తున్నాను.

అపోహ: పెళ్లయితే భర్త ఇంటిపేరుకు మారాల్సిందే.

అలాంటి చట్టమేదీ లేదు. పుట్టింటి పేరుతోనే జీవితాంతం ఉండొచ్చు. చేతిలో ఉన్న పాస్‌పోర్టు గడువు తీరేదాకా చెల్లుతుంది. భర్త పేరు నమోదు చేయించుకోవడం వేరు, మీ ఇంటిపేరు మార్చుకోవడం వేరు. మొదటిది చేశాక రెండోది చేసి తీరాలని లేదు. నన్నడిగితే, డిగ్రీ, పాన్, ఉద్యోగం అన్నీ పుట్టింటి పేరు మీదే ఉన్న అమ్మాయి మార్చుకోకపోవడమే మేలు. మార్చుకోవాలని తనకే గట్టిగా ఉంటే సరే, మ్యారేజ్ సర్టిఫికెట్ దగ్గర పెట్టుకుంటే పని తేలికవుతుంది.

అపోహ: ఇంటిపేరు కాలమ్ ఖాళీగా వదిలేసినా ఏం కాదు.

మన తెలుగువాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. టెన్త్ మెమోలో 'బొడ్డుపల్లి లక్ష్మీప్రసన్న' అని ఉంటుంది. ఆధార్‌లో 'బి. లక్ష్మీ ప్రసన్న'. పాన్‌లో ఇంటిపేరు చివరికి వెళ్లిపోయి ఉంటుంది. ఇంట్లో అందరికీ ఆమె ఒక్కతే, కౌంటర్‌లో కూర్చున్న అధికారికి మాత్రం మూడు పేర్లు. పాస్‌పోర్టులో ఇనిషియల్ నడవదు, ఇంటిపేరు పూర్తిగా విడమరచి రాయాలి. అది రాయలేక కొందరు ఆ గడి ఖాళీగా వదిలేస్తారు. తర్వాత అమెరికా వీసాకు వెళ్తే, ఉన్న ఒక్క పేరునూ ఇంటిపేరు గడిలో వేసి, అసలు పేరు ఉండాల్సిన చోట 'ఎఫ్.ఎన్.యు' అని కొడతారు. మొదటి పేరు తెలియదని దానర్థం. అక్కడ తీసుకునే డ్రైవింగ్ లైసెన్సు దాకా అది వెంటబడే ప్రమాదం ఉంది. దుబాయ్ సంగతీ అంతే. 2022 నవంబర్‌లో యూఏఈ ఒంటిపేరు పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లను రానివ్వబోమంది. పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరో, కుటుంబం పేరో ఉంటే చాలని తర్వాత సడలించింది.

అందుకని ముందు ఆధార్, పాన్ టెన్త్ మెమోకు సరిపోయేలా దిద్దించుకుని, ఆ తర్వాతే పాస్‌పోర్టుకు వెళ్లండి. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం మామూలుగా జీవితంలో రెండుసార్లే. తొందరపడి ఒకటి వృథా చేసుకోకండి.

అపోహ: నోటరీ అఫిడవిట్ ఒక్కటి ఉంటే చాలు.

పేరు పూర్తిగా మారుతున్నప్పుడు అఫిడవిట్ మొదటి మెట్టు మాత్రమే. రెండు దినపత్రికల్లో ప్రకటన ఇవ్వాలి, ఒరిజినల్ ప్రతులు చూపించాలి. కూకట్‌పల్లిలో ఉంటూ శాశ్వత చిరునామా ఖమ్మం అని రాసేవాళ్లు, ప్రకటన ఆ రెండు ఊళ్ల ఎడిషన్లలోనూ పడుతోందో లేదో ముందే చూసుకోండి. కటింగ్‌తో సరిపెట్టకుండా తేదీ కనిపించేలా పేజీ మొత్తం దాచండి. తెలంగాణ గెజిట్‌లో, అంటే ప్రభుత్వ అధికారిక ప్రకటనల పత్రికలో, కూడా వేయించుకోమనే నేను చెబుతాను. ఆ పని చంచల్‌గూడలోని ప్రభుత్వ ముద్రణాలయంలో జరుగుతుంది. పాస్‌పోర్టులో పేరు మారినంత మాత్రాన డిగ్రీ సర్టిఫికెట్ మారదు కదా. ఆ రెండు పేర్లూ ఒకరివేనని రేపు చూపించడానికి గెజిట్ కాపీయే గట్టి ఆధారం.

అపోహ: న్యూమరాలజీ కోసం ఒక్క అక్షరం కలిపాం, అది చెప్పక్కర్లేదు.

చెప్పాలి. గతంలో పేరు మార్చుకున్నారా అని దరఖాస్తులోనే అడుగుతారు. తెలిసీ దాచిపెడితే 1967 పాస్‌పోర్టుల చట్టం 12వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

అపోహ: పాత బుక్కులోనే పేరు దిద్ది ఇస్తారు.

దిద్దరు. రీఇష్యూ కింద కొత్త బుక్కు, కొత్త నంబరు వస్తాయి. పెద్దవాళ్లకు 36 పేజీలదానికి ఫీజు 1,500 రూపాయలు, తత్కాల్ అయితే ఇంకో 2,000. డబ్బు కట్టడం, బేగంపేట లాంటి కేంద్రాల్లో స్లాట్ తీసుకోవడం అన్నీ ప్రభుత్వ పాస్‌పోర్ట్ సేవా పోర్టల్‌లోనే. పాత బుక్కును రద్దు చేసి తిరిగి ఇచ్చేస్తారు. అందులో గడువున్న వీసా ఉంటే పారేయకండి. అయితే ఆ వీసా మీద ఉన్నది పాత పేరు కాబట్టి, అది ఇంకా పనికొస్తుందో లేదో ఆ దేశ కాన్సులేట్‌ను అడగండి. పేరు మారితే కొత్త వీసా తీసుకోవడమే మంచిదని అమెరికా చెబుతోంది. ఇదంతా తేలి, కొత్త బుక్కు చేతికి వచ్చాకే విమాన టికెట్ కొనండి, అందులో ఉన్న స్పెల్లింగ్‌తోనే.