బ్యాలడ్‌లోంచి కథ ఎప్పుడు జారిపోయింది?

నిదానంగా సాగే ప్రేమపాటను బ్యాలడ్ అనవచ్చునా అన్న తగవు మళ్ళీ రాజుకుంది. గద్దర్‌ను ఆంగ్ల పత్రికలు ‘బ్యాలడీర్’ అని రాయగా చూసిన తెలుగు పాఠకుడు, పాటల యాప్‌లో ‘లవ్ బ్యాలడ్స్’ అన్న జాబితా ఎదురైతే తికమకపడటం సహజమే. కథ చెప్పేదే బ్యాలడ్ అని జానపద పండితుల పట్టు. ఇంగ్లండ్, స్కాట్లండ్‌లలో జనం నోటినోటా పాడుకున్న కథాగేయాలే, అంటే గాథలే, వారి దృష్టిలో అసలు బ్యాలడ్లు. ఆ తొలి చరిత్రను ఇక్కడ దాటవేసి, పేరు మారిన తీరు కోసం లండన్‌లోని పాటల ప్రతుల వ్యాపారం దగ్గరికి రావాలి.

1867లో బూసీ అనే ప్రచురణ సంస్థ సెయింట్ జేమ్స్ హాల్‌లో ‘లండన్ బ్యాలడ్ కచేరీలు’ మొదలుపెట్టింది. పియానో ఉన్న మధ్యతరగతి ఇళ్ళలో పాడుకోదగిన సులువైన, ఆర్ద్రమైన పాటలను పేరున్న గాయకుల చేత అక్కడ పాడించి, వాటి స్వరలిపి ప్రతులను అమ్ముకోవడం దాని పద్ధతి. అమ్ముడైన ప్రతుల మీద గాయకులకు రాయల్టీ ముట్టేది గనుక, పాట ఎంపికలో బేరం పాలు తక్కువేమీ కాదు. ఇంట్లో పాడుకునే భావగీతానికి బ్యాలడ్ అన్న పేరు అప్పటికే వాడుకలో ఉన్నా, కచేరీ ప్రకటనల్లోకీ దుకాణాల్లోకీ దాన్ని గట్టిగా ఎక్కించింది ఈ వ్యాపారమే. పండితులు ప్రమాణంగా చూపే ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ 305 గాథల సంకలనం వెలువడసాగింది 1882లో, అంటే ఈ కచేరీలు మొదలైన 15 ఏళ్ళకు.

అమెరికాలో కథ ఒక్కసారిగా పోలేదు. 1892 నాటి చార్లెస్ కె. హారిస్ పాట ‘ఆఫ్టర్ ద బాల్’లో ఒక ముసలాయన తాను పెళ్ళెందుకు చేసుకోలేదో చిన్నపిల్లకు చెబుతాడు: ప్రియురాలిని మరొకరు ముద్దాడటం చూసి ఆమెను విడిచాడు, అతడు ఆమె తోబుట్టువని ఆమె పోయాక గానీ తెలియలేదు. ఈ కథంతా చరణాల్లో ఉంది. లక్షల ప్రతులు అమ్ముడైన ఆ పాటలో జనం నోట నిలిచింది పల్లవి. తరువాతి రచయితల చేతుల్లో చరణం చిన్న ఉపోద్ఘాతంగా కుదించుకుపోయి, 32 బార్ల (తాళంతో కొలిచే చిన్న భాగాల) పల్లవే పాటయింది. నిమిషానికి 78 చుట్లు తిరుగుతూ, సుమారు 3 నిమిషాల పాటే పట్టే ఆనాటి గ్రామఫోన్ రికార్డు మీద ఆ ఉపోద్ఘాతానికి కూడా తరచు చోటు దొరకలేదు.

ఇక డాన్స్ బ్యాండ్లకు, జాజ్ వాద్యకారులకు మిగిలిన తేడా వేగం ఒక్కటే: చురుకైనవి ఒక వైపు, జంటలు దగ్గరగా అడుగులు వేసే నిదానమైన బ్యాలడ్లు మరో వైపు. 1963లో వచ్చిన జాజ్ శాక్సఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ ఆల్బమ్ పేరే ‘బ్యాలడ్స్’. అందులో కథ మాట అటుంచి, పాడే గొంతే లేదు.