ఫైరింజన్ అంటే నీళ్ల ట్యాంకర్ కాదు: పంపు దగ్గర నిలబడేవాడు చెప్పే అపోహలు - వాస్తవాలు

మంట దగ్గర పంపు ప్యానెల్ చూసుకునే పని నాది. లోపలికి వెళ్లేవాళ్లకి మాస్కుల్లో బయటి మాటలు సరిగా వినపడవు. ఆ మాటలన్నీ పడేది బండి పక్కన నిలబడ్డ నాలాంటివాడు. వాటిలో మిగతావన్నీ ఒక ఎత్తు, "నీళ్లు లేకుండా వచ్చారు" అన్నది ఒక్కటే ఒక ఎత్తు. ఈలోపు ఎవరో వీడియో తీస్తారు, ఇంకెవరో "ఖాళీ ట్యాంకుతో వచ్చిన ఫైరింజన్" అని రాసి ఫార్వర్డ్ చేస్తారు. నిజమేంటని ఒక్కరూ అడగరు. మా పరువు సంగతి అలా ఉంచండి. ఇది నమ్మినవాళ్లు, నీళ్లు తెచ్చుకోవడం పూర్తిగా ఫైర్ వాళ్ల పని అనుకుని, తమ భవనంలో ఉండాల్సిన ఏర్పాట్లని గాలికొదిలేస్తారు. నష్టపోయేది వాళ్లే.

అపోహ: ఫైరింజన్‌లో కావలసినన్ని నీళ్లుంటాయి. అయిపోయాయంటే నింపుకోకుండా వచ్చినట్టే.

లెక్క వేసి చూడండి. ట్యాంకు సైజు బండిని బట్టి ఉంటుంది. 4,500 లీటర్లు అనుకుందాం, చిన్నదేం కాదు. ఆ నీళ్ల బరువే నాలుగున్నర టన్నులు. మలుపుల్లో నీళ్లన్నీ ఒక పక్కకి ఊగి బండి బోల్తా పడకుండా ట్యాంకు లోపల అడ్డుపలకలు పెడతారు. మరి ఖర్చు? మనుషులు చేత్తో పట్టుకునే మామూలు హోస్ లైన్ ఒక్కటే నిమిషానికి 400 నుంచి 500 లీటర్లు వదులుతుంది. ఒక లైన్ ఆపకుండా నడిస్తే ఆ ట్యాంకు సుమారు పది నిమిషాలు వస్తుంది. రెండు లైన్లయితే ఐదు. నిమిషానికి 2,250 లీటర్లు తోడే పంపుని పూర్తిగా వాడితే రెండే నిమిషాలు. అంటే నిండు ట్యాంకుతో వచ్చిన బండిలో కూడా నీళ్లు అయిపోతాయి. ట్యాంకు ఉన్నది మొదటి దెబ్బ కొట్టడానికి. ఆ కాస్త సమయంలో ఇంకోచోట నుంచి నీళ్లు అందుకోవాలి.

ఫైరింజన్ అసలు సరుకు దాని పంపు. బండిని నడిపే ఇంజనే, బండి ఆగాక, పీటీఓ (ఇంజన్ శక్తిని చక్రాలకి బదులు పంపుకి మళ్లించే గేరు) ద్వారా పంపుని తిప్పుతుంది. లోపల ఇంపెల్లర్ తిరుగుతూ నీళ్లని బయటివైపు విసురుతుంది, ఆ వేగమే ప్రెషర్‌గా మారుతుంది. పంపు నీళ్లని పుట్టించదు. ఒకవైపు నుంచి వచ్చినన్ని రెండోవైపు బలంగా పంపుతుంది, అంతే. అందుకే నా ఒక కన్ను ఎప్పుడూ, పంపులోకి వచ్చే నీళ్ల ప్రెషర్ చూపే ఇన్‌లెట్ గేజ్ మీదే ఉంటుంది. హైడ్రంట్ (మంటలార్పడానికి హోస్ తగిలించుకునే నీళ్ల పైపు కుళాయి) నుంచి నీళ్లు బాగా వస్తున్నంతసేపు దాని ముల్లు సున్నాకి పైన నిలబడుతుంది. ఇచ్చేదానికంటే ఎక్కువ లాగితే ముల్లు కిందికి జారుతుంది, హైడ్రంట్ వైపు హోస్ మెత్తబడి చేత్తో నొక్కితే లోపలికి పోతుంది. ఇంకా రేస్ చేస్తే పంపు గరగరమంటుంది. అక్కడ యాక్సిలరేటర్ తగ్గించాలి. సరిగ్గా అదే క్షణంలో నా వెనక నుంచి "ఇంకా స్పీడు పెంచండి సార్" అని ఒక గొంతు వస్తుంది. పెంచితే లోపల నాజిల్ పట్టుకున్నవాడికి నీళ్లు తెగిపోతాయని ఆయనకి ఎలా తెలుస్తుంది?

హైడ్రంట్ లేకపోతే చెరువో, తొట్టో, భూమిలోని నీళ్ల ట్యాంకో కావాలి. ఇక్కడ ఇంకో చిక్కుంది. ఫైరింజన్లో ఉండే సెంట్రిఫ్యూగల్ పంపు గాలిని లాగలేదు. ఇంట్లో మోటారు గాలి పట్టేస్తే నీళ్లు పోసి మళ్లీ ఎక్కిస్తాం చూడండి, ఇదీ ఆ బాపతే. ప్రైమర్ వేసి సక్షన్ హోస్‌లోని గాలంతా తీసేస్తే, బయటి వాతావరణ పీడనం నీళ్లని పైకి నెడుతుంది. సిద్ధాంతం ప్రకారం ఆ పీడనం నీళ్లని సుమారు 10 మీటర్ల వరకే ఎత్తగలదు. పనిలో మాకు దక్కేది 7 మీటర్ల లోపే. అంతకంటే లోతు బావి పక్కన ఎంత పెద్ద బండి పెట్టినా చుక్క రాదు. ఒక్క జాయింట్ దగ్గర వాషర్ సరిగా కూర్చోకపోతే గాలి దూరుతుంది, మొత్తం మళ్లీ మొదటికొస్తుంది. చెరువు గట్టున నలుగురు వంగి లావుపాటి పైపులు బిగిస్తుంటే "నిలబడి చూస్తున్నారు" అని వీడియో తీసేది దీన్నే.

ఎత్తయిన భవనాల్లో ప్రెషర్ నష్టం ఇంకా ఎక్కువ. నీళ్లని 10 మీటర్లు పైకెక్కించడానికే సుమారు 1 బార్ ప్రెషర్ ఖర్చవుతుంది. హోస్ పొడవు పెరిగేకొద్దీ రాపిడికి మరికొంత పోతుంది. అందుకే ఈ భవనాల్లో రైజర్ పైపు పెడతారు. కింద ఇన్‌లెట్‌కి మేం హోస్ తగిలిస్తే ప్రతి అంతస్తులోనూ ఉన్న వాల్వ్ దగ్గర నీళ్లు దొరుకుతాయి. కాగితం మీద అన్నీ బాగానే ఉంటాయి. ఒక రాత్రి ఇన్‌లెట్ పెట్టెకి తుప్పు పట్టిన తాళం ఎదురైంది. పగలగొట్టి తెరిస్తే లోపల పాత పెయింటు డబ్బాలు, వాటి వెనక ఇన్‌లెట్‌కి ఒక పక్క కొక్కెం విరిగిపోయి ఉంది. కప్లింగ్ కూర్చుంటుంది కానీ లాక్ పడదు. చివరికి మావాళ్లు మడతపెట్టిన హోస్‌లు భుజాన వేసుకుని మెట్లమీదుగా అంతస్తు తర్వాత అంతస్తు పైకి పరిచారు. అంతసేపూ ఒకాయన నా చెయ్యి పట్టుకుని "నీళ్లు వదలరేం, మా అమ్మ పైన ఉంది" అంటూనే ఉన్నాడు. ఆయన మీద కోపం ఎలా వస్తుంది? ఆవిడని దింపారు, పొగ పట్టి దగ్గుతూనే అయినా తన కాళ్లమీద నడిచే వచ్చింది. నా కోపమంతా ఆ పెయింటు డబ్బాలు అక్కడ పెట్టినవాళ్ల మీద.

కాబట్టి మీరు ఉండేచోటో పనిచేసేచోటో హైడ్రంట్ ఎక్కడుంది, దాని మీద బండ్లు పార్క్ చేస్తున్నారా, భూమిలోని ట్యాంకు మూత ఎటు పక్క, రైజర్ ఇన్‌లెట్ పెట్టె తెరుచుకుంటుందా లేదా, ఇవి ఒకసారి నడిచి చూడండి. మంట రోజున వీటిని గబగబా చూపించగలిగినవాడు మాకు ఇంకో బండితో సమానం. ఇంకో మాట, రోడ్డు మీద పరిచిన హోస్ మీంచి బండి పోనివ్వకండి. చక్రం ఎక్కిన క్షణం అవతల నాజిల్‌లో ప్రెషర్ పడిపోతుంది, హోస్ పగిలినా పగులుతుంది.

అపోహ: పొగ పోవాలంటే తలుపులు, అద్దాలు బార్లా తెరవాలి.

మంచి మనసుతో చేసే పనే, కానీ చాలాసార్లు బెడిసికొడుతుంది. మూసిన గదిలో మంట గాలి చాలక మందగించి ఉంటుంది. అద్దం పగలగొట్టగానే దానికి కావలసిన ఆక్సిజన్ అందుతుంది. పైకప్పు కింద వేడి 600 డిగ్రీల దాకా చేరితే గదిలో ఉన్నదంతా ఒక్కసారిగా అంటుకోవచ్చు. మేం తెరుస్తాం, అయితే లోపల హోస్ సిద్ధంగా ఉన్నాక, ఎటు తెరవాలో చూసుకుని తెరుస్తాం.

మీరు బయటపడుతుంటే వెనక తలుపు మూసేయండి, తాళం మాత్రం వద్దు. బయటకి దారి లేక లోపలే చిక్కుకుంటే, మీకూ మంటకీ మధ్య ఉన్న తలుపు మూసి, కింది సందులో తడిగుడ్డ కుక్కి, కిటికీ దగ్గరికి వెళ్లి, ఏ అంతస్తు, ఏ పక్క గది అన్నది ఫోన్లో చెప్పండి. టెన్షన్‌లో మాట రాదు, తెలుసు. ఆ రెండు ముక్కలు చెప్పినా చాలు. అవతలివాళ్లు ప్రశ్నలు అడుగుతున్నారంటే బండి ఆగిందని కాదు. చాలాచోట్ల మీరు మాట్లాడుతుండగానే అది బయల్దేరిపోతుంది.

ఇక మిగతావి, గబగబా

మా వీపున ఉండేది ఆక్సిజన్ సిలిండర్ అంటారు. మామూలుగా వాడే బీఏ సెట్‌లో (పొగలో ఊపిరి తీసుకోవడానికి వీపున కట్టుకునే సిలిండరు, మాస్కు) ఉండేది శుభ్రమైన గాలే, కాకపోతే 300 బార్ దాకా కుక్కింది. 6.8 లీటర్ల సిలిండర్‌లో సుమారు 2,000 లీటర్ల గాలి పడుతుంది. బరువు మోస్తూ మెట్లెక్కేవాడు దాన్ని చాలా త్వరగా తాగేస్తాడు, అయిపోవచ్చే ముందు విజిల్ మోగుతుంది. విజిల్ విని వెనక్కొచ్చినవాణ్ణి "భయపడి పారిపోయొచ్చాడు" అనకండి, దయచేసి.

నిచ్చెన ఎంత ఎత్తయినా అందుతుందన్నదీ అపోహే. చాలా నిచ్చెన బండ్లు 30 మీటర్ల ప్రాంతంలోనే ఆగుతాయి. పెద్దవీ ఉన్నాయి, కానీ గట్టి నేల, నాలుగు పక్కలా కాళ్లు చాపుకునే చోటు లేకపోతే ఏదీ లేవదు. పైన వైర్లుంటే సరేసరి.

సినిమాల్లో స్ప్రింక్లర్లన్నీ ఒకేసారి కురుస్తాయి. మామూలు స్ప్రింక్లర్‌లో దేని గాజు బల్బు దానిదే. ఎర్ర బల్బయితే 68 డిగ్రీలకి పగులుతుంది, వేడి తగిలినదే తెరుచుకుంటుంది.

మరుగుతున్న నూనె అంటుకుంటే నీళ్లు వద్దే వద్దు. నీళ్లు నూనె అడుక్కి పోయి ఆవిరవుతాయి. లీటరు నీళ్లు 1,700 లీటర్ల ఆవిరిగా ఉబ్బుతాయి, మండుతున్న నూనెని మీ మీదకే ఎగజిమ్ముతాయి. పొయ్యి ఆపి మూత పెట్టండి, చల్లారేదాకా తీయకండి. చేతికి అందేలా లేకపోతే అదీ వద్దు, బయటికి వచ్చేయండి.

ఒక ప్రశ్న మాత్రం తరచూ, కాస్త మొహమాటంగా అడుగుతారు: "మేమే ఆర్పేశాం, ఇప్పుడు పిలవాలా?" పిలవండి. గోడల సందులో, సీలింగ్ పైన, పరుపు లోపల నిప్పు పైకి కనపడకుండా గంటల తరబడి రగులుతుంది. మేం థర్మల్ కెమెరా పట్టుకుని వస్తాం. అది గోడ అవతల ఏముందో చూపించదు, కానీ గోడ మీద ఎక్కడ వేడి ఎక్కువుందో చూపిస్తుంది. అనుమానం ఉన్నచోట విప్పి చూసి, అవసరమైతే తడుపుతాం. ఏమీ లేకపోతే బండెక్కి వెళ్లిపోతాం. అనవసరంగా పిలిచారని ఎవరూ కసరరు.