బైకులకు మాత్రమే చెక్‌పాయింట్: అమెరికాలో ఈ వివాదం ఎలా మొదలైంది?

రోడ్డు మీద కార్లు, ట్రక్కులు వాటి దారిన అవి పోతుంటాయి. మోటార్‌సైకిళ్లను మాత్రం పోలీసులు ఒక్కొక్కటిగా పక్కకు తీయిస్తారు. న్యూయార్క్ రాష్ట్ర పోలీసులు 2007లో మొదలుపెట్టిన ఈ తనిఖీలే తర్వాత పెద్ద వివాదమయ్యాయి. లైసెన్స్, రిజిస్ట్రేషన్ చూడటంతో అయిపోయేది కాదు. హెల్మెట్ రూల్స్ ప్రకారం ఉందా, సైలెన్సర్ మార్చారా, దొంగ బండా కాదా అన్నవన్నీ చూసేవారు. ఏ తప్పూ చేయని రైడర్ కూడా ఆగాల్సిందే. బైక్ మీద ఉండటమే మేం చేసిన నేరమా అని వాళ్లు అడిగారు. న్యాయమైన ప్రశ్నే అది. ఎందుకంటే, చెక్‌పాయింట్లకు అమెరికా కోర్టులు ఒప్పుకున్నదే అందరినీ ఒకేలా ఆపుతారన్న నమ్మకం మీద.

ఆ నమ్మకానికి మూలం 1979 నాటి డెలావేర్ కేసు. ట్రాఫిక్ ఉల్లంఘన ఏమీ లేకపోయినా, కాగితాలు చూద్దామని ఒక అధికారి ఓ కారును ఆపాడు. లోపల గంజాయి దొరికింది. అయినా సుప్రీంకోర్టు ఆ ఆపడమే చెల్లదంది. తగిన అనుమానం లేకుండా, తన ఇష్టాన్ని బట్టి ఏదో ఒక బండిని ఎంచుకుని ఆపడం కారణం లేని సోదాల నుంచి, నిర్బంధం నుంచి పౌరులను కాపాడే రాజ్యాంగం నాలుగో సవరణకు విరుద్ధమని తేల్చింది. అదే తీర్పులో, వచ్చే వాహనాలన్నిటినీ ఆపి అడిగే పద్ధతికి తలుపు తెరిచే ఉంచింది.

ఆ తలుపులోంచి 1990లో మిషిగన్ కేసు వచ్చింది. సాగినా కౌంటీలో పోలీసులు గంటా పావు సేపు చెక్‌పాయింట్ పెట్టి 126 వాహనాలను ఆపారు. ఒక్కో బండి సగటున ఆగింది 25 సెకన్లు. తాగి నడుపుతున్నారని అరెస్టయింది ఇద్దరు. ఆపింది కాసేపే, ఆపింది అందరినీ కాబట్టి ఇది చెల్లుతుందని సుప్రీంకోర్టు 6-3తో చెప్పింది. మూడేళ్ల తర్వాత మిషిగన్ సుప్రీంకోర్టు మాత్రం తమ రాష్ట్ర రాజ్యాంగం దీనికి ఒప్పుకోదంది. 2000లో ఇండియానాపొలిస్ కేసులో మరో గీత పడింది: రోడ్డు భద్రత వేరు, మామూలు నేరాల వేట వేరు, డ్రగ్స్ పట్టుకోవడానికి చెక్‌పాయింట్ పెట్టకూడదు.

న్యూయార్క్ బైకర్లు ఈ తీర్పులనే పట్టుకుని కోర్టుకెళ్లి ఓడిపోయారు. ఈ తనిఖీల ముఖ్య ఉద్దేశం భద్రతేనని 2011లో ఫెడరల్ (కేంద్ర) జిల్లా కోర్టు అంది. మరుసటి ఏడాది అప్పీల్ కోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది.

భద్రత వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. 1997లో అమెరికాలో 2,116 మంది రైడర్లు చనిపోతే, 2008 నాటికి ఆ సంఖ్య 5,312కి చేరింది. హెల్మెట్ ప్రాణాలు కాపాడుతుందన్నదీ నిజమే. కానీ ప్రమాదాలు ఎందుకు జరుగుతున్నాయో కూడా చూడాలి కదా. పరిశోధకుడు హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 బైకు ప్రమాదాల స్థలాలకు స్వయంగా వెళ్లి, 1981లో నివేదిక ఇచ్చింది. మరో వాహనంతో ఢీకొన్న ప్రమాదాల్లో మూడింట రెండు వంతులు అవతలి డ్రైవర్ బైకుకు దారి ఇవ్వకపోవడం వల్లే జరిగాయని అందులో తేలింది. అలాంటప్పుడు కార్లను వదిలేసి బైకులను మాత్రమే ఆపడం ఏ రకం భద్రతో నాకు అర్థం కాదు.

కోర్టులో దొరకనిది బైకర్లు చట్టసభలో సాధించుకున్నారు. వాళ్లకిది కొత్త దారేం కాదు. 1966 చట్టంతో హెల్మెట్ రూల్‌కీ, రోడ్డు నిధులకీ కేంద్రం ముడిపెట్టింది. 1975కల్లా మూడు రాష్ట్రాలు తప్ప అన్నీ ఆ రూల్ తెచ్చాయి. రైడర్ల సంఘాల ఒత్తిడికి 1976లో అమెరికా కేంద్ర చట్టసభ కాంగ్రెస్ ఆ ముడి విప్పేసింది. దాంతో చాలా రాష్ట్రాలు వెనక్కి తగ్గాయి. ఈసారీ గురి నిధుల మీదే పెట్టారు. బైకులకు మాత్రమే తనిఖీలు పెట్టడానికి జార్జియాకు 70 వేల డాలర్ల ఫెడరల్ గ్రాంట్ వెళ్లిందని తెలిశాక అమెరికన్ మోటార్‌సైక్లిస్ట్ అసోసియేషన్ గట్టిగా పట్టుబట్టింది. 2011లో విస్కాన్సిన్ ప్రతినిధి జిమ్ సెన్సెన్‌బ్రెన్నర్ ఆ నిధులు ఆపాలని బిల్లు పెట్టారు. 2015 డిసెంబర్‌లో ఒబామా సంతకం చేసిన ఫాస్ట్ యాక్ట్ అనే రోడ్డు రవాణా నిధుల చట్టంలో ఆ నిషేధం చేరింది. హెల్మెట్ తనిఖీలకు గానీ, బైకర్లను గురిపెట్టే చెక్‌పాయింట్లకు గానీ ఫెడరల్ డబ్బు ఇవ్వకూడదు.

ఈలోగా రాష్ట్రాలూ కదిలాయి. బైకర్ అన్న కారణంతోనే ఆపడాన్ని వాషింగ్టన్ రాష్ట్రం 2011లో చట్టంలో తప్పుపట్టింది. కాలిఫోర్నియా, వర్జీనియా 2012లో బైకులకు మాత్రమే పెట్టే చెక్‌పాయింట్లను నిషేధించాయి.

అయితే ఫెడరల్ చట్టం ఆపింది డబ్బును మాత్రమే. సొంత చట్టం లేని రాష్ట్రం తన ఖర్చుతో ఇలాంటి చెక్‌పాయింట్ పెడితే అడ్డుకునే నిబంధన అందులో లేదు. అక్కడ ఆపినప్పుడు రైడర్ ఆగాలి, లైసెన్స్, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ చూపాలి. ఎక్కడికెళ్తున్నావు, ఎవరితో తిరుగుతావు లాంటి ప్రశ్నలకు జవాబివ్వక్కర్లేదు. బ్యాగ్ వెతుకుతామంటే ఒప్పుకోనని మర్యాదగా, స్పష్టంగా చెప్పొచ్చు. ట్రాఫిక్ తప్పుకు ఆపిన పని అయిపోయాక, కొత్త అనుమానం లేకుండా కుక్కతో సోదా చేయించడానికి ఇంకాసేపు నిలబెట్టడం కుదరదని 2015లో రోడ్రిగెజ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.