ఒకే కంపెనీ వాచీలు కొనేవాళ్లకి: అపోహలు, వాస్తవాలు

నెల్లూరు ట్రంకురోడ్డులో మా నాన్న పెట్టిన రిపేరు బల్ల దగ్గరే నేనూ పని నేర్చుకున్నాను. ఆయన కాలంలో బల్ల మీదకి వచ్చేవి హెచ్‌ఎంటీలు, గల్ఫ్ నుంచి తెచ్చిన సీకో ఫైవ్‌లు, తాతల నాటి వెస్ట్ ఎండ్‌లు. ఇప్పుడు రొయ్యల చెరువుల వాళ్లు, చీమకుర్తి గ్రానైటు వాళ్లు లక్షల వాచీలు తెస్తున్నారు. పోయిన వేసవిలో ఇందుకూరుపేట వైపు నుంచి ఒకాయన నాలుగు వాచీలు తువ్వాలులో చుట్టుకొచ్చి పరిచాడు. నాలుగూ రోలెక్సులే. అందులో మూడు సబ్‌మెరైనర్ అనే ఒకే మోడల్‌వి, డయల్ రంగు తప్ప తేడా లేదు. "ఐదోది ఏది తీసుకోమంటావన్నా? వేరే కంపెనీ అంటే మనసు రావడంలా" అన్నాడు. ఆయనకి ఆ రోజు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: మంచి కంపెనీ అన్నీ తనే చేసుకుంటుంది, మిగతావాళ్లు అరువు మిషన్లు వాడతారు.

వాస్తవం: వెనక మూత తీసి చూసేవాడికి ఈ మాట నిలవదు. రోలెక్స్ డేటోనానే తీసుకోండి. 1988 నుంచి 2000 దాకా దాని లోపల తిరిగింది జెనిత్ వాళ్ల ఎల్ ప్రిమెరో మిషన్. 1969లో వచ్చిన ఆ మిషన్ గంటకి 36,000 సార్లు కొట్టుకుంటుంది. రోలెక్స్ దాన్ని 28,800కి తగ్గించి, తేదీ తీసేసి, చాలా భాగాలు మార్చి తన పేరుతో వాడింది. 2000లోగానీ ఆ మోడల్‌కి సొంత మిషన్ రాలేదు. నా దృష్టిలో ఇది చిన్నతనం కాదు. మంచి మిషన్‌ని గుర్తుపట్టి ఇంకా గట్టిగా చేసుకోవడం కూడా పనితనమే.

ఇంకో సంగతి వింటే ఆశ్చర్యపోతారు. 1967లో జెగర్ లెకూల్ట్ర్ ఒక ఆటోమేటిక్ మిషన్ చేసింది, మందం 2.45 మిల్లీమీటర్లు. చేసిన కంపెనీ తన వాచీల్లో దాన్ని వాడుకోలేదు. దాని మీద కట్టిన మిషన్లే 1972లో ఆడెమార్ పిగే రాయల్ ఓక్‌లో, 1976లో పటెక్ ఫిలిప్ నాటిలస్‌లో, 1977లో వాషరాన్ 222లో వచ్చాయి. ముగ్గురు పోటీదారులకీ లోపల మూలం ఒకటే. అది తెలిశాక "నేను ఫలానా కంపెనీ మనిషిని" అనే పట్టు కొంచెం సడలుతుంది. నాకైతే సడలింది.

అపోహ: జపాన్ వాచీ ఎంత ఖరీదైనా గల్ఫ్ నుంచి తెచ్చే వాచీయే.

వాస్తవం: మన వైపు ఈ మాట బలంగా ఉంది, ఎందుకంటే సీకో మనకి ఆ దారిలోనే పరిచయమైంది. ఆ సీకో ఫైవ్‌లనీ తక్కువ చేయొద్దు, ముప్ఫై ఏళ్లు సర్వీసింగ్ లేకుండా తిరిగినవి నా చేతిలోకి వచ్చాయి. గ్రాండ్ సీకో మాత్రం వేరే మెట్టు. 1960లో మొదలైంది, 2017లో విడి బ్రాండు అయింది. వాళ్ల స్ప్రింగ్ డ్రైవ్ మిషన్ ఒక్కసారైనా చేత్తో పట్టుకుని చూడాలి. సెల్లు ఉండదు, మామూలు కీ వాచీలాగే స్ప్రింగు విప్పుకుంటూ చక్రాలని తిప్పుతుంది. చివర్లో మామూలు వాచీల్లో అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం బదులు, సెకనుకి 8 చుట్లు తిరిగే ఒక చిన్న చక్రం ఉంటుంది. అది తిరుగుతూ కొద్దిపాటి కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటుతో క్వార్ట్జ్ స్ఫటికం పనిచేసి, చక్రం వేగం పెరగబోతే అయస్కాంతంతో బ్రేకు వేస్తుంది. అందుకే సెకన్ల ముల్లు టిక్కుటిక్కుమని దూకదు, నూనె మీద జారినట్టు సాగుతుంది. కంపెనీ చెప్పే తేడా రోజుకి ఒక సెకను అటూ ఇటూ. రోలెక్స్ తన వాచీలకి రెండు సెకన్లు అటూ ఇటూ అంటుంది. ఐదోది ఏదంటే నేను మొదట చెప్పింది ఇదే.

అపోహ: బయట కంపెనీ కొంటే తిరిగి అమ్ముకోలేం.

వాస్తవం: ఇందులో నిజం ఉంది, దాచను. పాత వాచీల మార్కెట్లో రోలెక్స్ త్వరగా అమ్ముడవుతుంది, మిగతా చాలావాటికి కొన్న రోజునే విలువ దిగుతుంది. కానీ 2022 మొదట్లో ఆకాశంలో ఉన్న ధరలు తర్వాత రోలెక్స్‌తో సహా కిందికి వచ్చాయి. అప్పుడు లాభం చూసి కొన్నవాళ్లు నలిగిపోయారు. నా సలహా ఒకటే: రెండో కంపెనీ వాచీ కొత్తది కాకుండా, బిల్లు, పెట్టె, వారంటీ కార్డు ఉన్న పాతది చూడండి. దిగాల్సిన విలువ ముందు యజమాని దగ్గరే దిగి ఉంటుంది. అన్నట్టు, 2025 ఏప్రిల్ 22 నుంచి రూ.10 లక్షలు దాటిన వాచీ మీద షాపువాళ్లు 1 శాతం టీసీఎస్, అంటే అమ్మేటప్పుడే పట్టుకునే ముందస్తు పన్ను, వసూలు చేస్తున్నారు. అది మీ ఆదాయపు పన్నులో సర్దుబాటవుతుంది, కాగితం పారేయొద్దు.

అపోహ: వేరే వేరే కంపెనీలుంటే సర్వీసింగ్ కష్టం.

వాస్తవం: ఏ కంపెనీదైనా పెద్ద సర్వీసింగ్‌కి మనం చెన్నైకో హైదరాబాద్‌కో పంపాల్సిందే. అసలు శత్రువు ఉప్పుగాలి. మైపాడు వైపు చెరువుల మీద తిరిగేవాళ్ల వాచీల్లో కీ మరల మధ్య ఉప్పు పేరుకుంటుంది, బ్లీచింగ్ తగిలి రబ్బరు వాషర్లు గట్టిపడతాయి. ఏడాదికోసారి నీటి పరీక్ష చేయించండి.

అపోహ: పెద్ద బరువైన వాచీయే మగవాడి చేతికి అందం.

వాస్తవం: కార్టియే ట్యాంక్ 1917 నాటి ఆలోచన, నలుచదరం, పలచన, వందేళ్లు దాటినా పాతబడలేదు. జెగర్ లెకూల్ట్ర్ రివర్సో పుట్టిందే మన దేశం వల్ల. ఇక్కడ పోలో ఆడే బ్రిటిష్ అధికారుల వాచీ అద్దాలు పగిలిపోతుంటే, డయల్‌ని లోపలికి తిప్పేసుకునేలా 1931లో చేశారు. నలుపు, నీలం, ఆకుపచ్చ సబ్‌మెరైనర్లు మూడున్నాయంటే నాలుగో రంగు వద్దు. ఆకారం మార్చండి, లేదా మిషన్ మార్చండి. కంపెనీ పేరు దానంతట అదే మారుతుంది.

అపోహ: హెచ్‌ఎంటీ కలెక్షన్‌లోకి రాదు.

వాస్తవం: ఇది వింటే నాకు బాధేస్తుంది. 1961లో జపాన్ సిటిజన్ సాయంతో బెంగళూరులో మొదలైన కంపెనీ అది. వాళ్ల జనతా మోడల్ లోపలి 17 రాళ్ల (అరుగుదల తగ్గించే చిన్న రాళ్లు) కీ మిషన్ ఇప్పటికీ శుభ్రం చేసి నూనె పెడితే నిలకడగా నడుస్తుంది. వాచీల కంపెనీని మూసేయాలని 2016లో నిర్ణయించారు, కాబట్టి మంచి స్థితిలో ఉన్నవాటి సంఖ్య తగ్గేదే గానీ పెరిగేది కాదు. కొనేటప్పుడు జాగ్రత్త మాత్రం తప్పదు. ఆన్‌లైన్‌లో మెరిసిపోయే హెచ్‌ఎంటీ "పైలట్" మోడల్ వాచీలు ఎన్నో డయల్‌కి మళ్లీ రంగేసినవే. రెండేళ్ల కిందట నేనూ ఒకటి నమ్మి కొన్నాను. విప్పితే అక్షరాల అంచులు చెదిరి ఉన్నాయి, నిమిషాల గీతలు గుర్తుల మీద సరిగ్గా కూర్చోలేదు, పాత డబ్బా కింద మిషన్ వేరే మోడల్‌ది. అమ్మేవాణ్ణి ముందు మిషన్ ఫోటో అడగండి. ఇవ్వనంటే వదిలేయండి.

ఇందుకూరుపేట ఆయన ఇంకా ఐదోది కొనలేదు. పోయిన వారం వాళ్ల నాన్న పెట్టెలో దొరికిన జనతా తెచ్చాడు. కీ తిప్పితే అరచుట్టుకే ఆగిపోతోంది. మెయిన్ స్ప్రింగు విరిగింది, కొత్తది వేయాలి.